పాత ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్ కొత్త జీసీసీతో బిల్డ్ కావడం లేదు: పాత కంపైలర్‌నే మళ్ళీ వేసుకోవాలా?

మూసీ_ఒడ్డు (నల్లగొండ) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో భూగర్భజలాల మీద పరిశోధన చేస్తున్నాను. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల బోరు నీటిలోని ఫ్లోరైడ్ ఏ దిశగా ఎంత వేగంగా కదులుతుందో అంచనా వేయడానికి మా విభాగంలో చాలా ఏళ్ళుగా ఒకే ప్రోగ్రామ్‌ను వాడుతున్నారు. దాని ప్రధాన భాగం ఫోర్ట్రాన్ 77లో ఉంది. మ్యాపు ఫైళ్ళను చదివే చిన్న భాగం సీలోను, ఫలితాలను పట్టికలుగా మార్చే భాగం సీ ప్లస్ ప్లస్‌లోను ఉన్నాయి. రాసినవారు ఇప్పుడు అందుబాటులో లేరు. సోర్స్, దాన్ని ఎలా బిల్డ్ చేయాలో చెప్పే ఒక మేక్‌ఫైల్, పాత ఫలితాల ఫైళ్ళు మాత్రమే మా దగ్గర ఉన్నాయి.

ఇంతకాలం ఇది సెంటాస్ 7 అనే లైనక్స్ ఉన్న కంప్యూటర్‌లో, జీసీసీ కంపైలర్ (సోర్స్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేది) 4.8.5తో ఏ ఇబ్బందీ లేకుండా బిల్డ్ అయ్యేది. ఆ యంత్రాన్ని తీసేసి ఉబుంటు 24.04 ఉన్న కొత్తదాన్ని ఇచ్చారు. ఇందులో జీసీసీ 13 ఉంది. ఇప్పుడు ‘మేక్’ అనగానే ఫోర్ట్రాన్ ఫైళ్ళలో ‘టైప్ మిస్‌మ్యాచ్ బిట్వీన్ యాక్చువల్ ఆర్గ్యుమెంట్’ అనే ఎర్రర్లు వరుసగా వస్తున్నాయి. ఆ ఫైళ్ళను పక్కన పెట్టి మిగతావి ప్రయత్నిస్తే, సీ భాగం కంపైల్ అవుతోంది గానీ లింక్ చేసే దశలో ‘మల్టిపుల్ డెఫినిషన్’ అని ఆగిపోతోంది. సీ ప్లస్ ప్లస్ భాగమైతే ‘యూఇంట్32_టీ డజ్ నాట్ నేమ్ ఎ టైప్’ అంటోంది. సోర్స్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు.

పాత యంత్రంలో తయారైన ప్రోగ్రామ్‌ను యథాతథంగా కాపీ చేసి నడిపి చూస్తే ‘లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.3’ అనే ఫోర్ట్రాన్ లైబ్రరీ దొరకలేదని చెబుతోంది. జీసీసీ 4.8 సోర్స్ తెచ్చి బిల్డ్ చేయబోతే అది కూడా ‘స్ట్రక్ట్ యూకాంటెక్స్ట్’ దగ్గర ఆగిపోయింది. ఉబుంటులో పాత జీసీసీని డిఫాల్ట్‌గా పెట్టుకోవడం ఒక్కటే దారా, లేక ఇంకేదైనా పద్ధతి ఉందా అన్నది నా ప్రశ్న. ఫలితాలను మార్గదర్శకులకు చూపించవలసి ఉంది కాబట్టి అంకెలు పాతవాటితో సరిపోవడం నాకు అన్నిటికన్నా ముఖ్యం.

పాలమూరు_లైనక్స్ (మహబూబ్‌నగర్) సమాధానం:

మీరు మూడు ఎర్రర్లనూ కలిపి ‘పాత కంపైలర్, కొత్త కంపైలర్’ అనే ఒకే సమస్యగా చూస్తున్నారు గానీ, అవి మూడూ వేర్వేరు మార్పుల వల్ల వచ్చినవి. ఏ ఎర్రర్ జీసీసీ ఏ వెర్షన్‌లో మొదలైందో తెలిస్తే సగం పని అయినట్లే.

మొదటిది, అంటే ఫోర్ట్రాన్ ఆర్గ్యుమెంట్ల తేడా, 2020 మే నెలలో విడుదలైన జీసీసీ 10తో మొదలైంది. ఒకే సబ్‌రొటీన్‌ను (పేరు పెట్టి పిలిచే ప్రోగ్రామ్ ముక్కను) ఒకచోట రియల్ విలువతోను, మరోచోట ఇంటీజర్ విలువతోను పిలిచినా అంతవరకు కంపైలర్ హెచ్చరికతో సరిపెట్టేది. జీసీసీ 10 నుంచి అది ఎర్రర్ అయింది. దాన్ని తిరిగి హెచ్చరికగా మార్చడానికి ‘-ఎఫ్‌అలౌ-ఆర్గ్యుమెంట్-మిస్‌మ్యాచ్’ అనే ఆప్షన్ ఉంది; ‘-ఎస్‌టీడీ=లెగసీ’ ఇచ్చినా అదే పని జరుగుతుంది. రెండోది కూడా జీసీసీ 10దే. హెడర్ ఫైల్‌లో ‘ఎక్స్‌టర్న్’ లేకుండా ఒక గ్లోబల్ వేరియబుల్‌ను ప్రకటించి, ఆ హెడర్‌ను నాలుగైదు సీ ఫైళ్ళలో చేర్చితే, పాత కంపైలర్లు వాటన్నిటినీ కలిపి ఒక్కటిగా చూసేవి. ఇప్పుడు ‘-ఎఫ్‌నో-కామన్’ డిఫాల్ట్ కావడంతో ఒక్కో ఫైల్‌లో ఒక్కో వేరియబుల్ తయారై లింకర్ దగ్గర ఢీకొంటున్నాయి. ‘-ఎఫ్‌కామన్’ ఇస్తే తాత్కాలికంగా గట్టెక్కుతారు. సరైన పరిష్కారమైతే హెడర్‌లో ‘ఎక్స్‌టర్న్’ చేర్చి, అసలు వేరియబుల్‌ను ఒకే ఒక్క సీ ఫైల్‌లో ఉంచడం. మూడోది జీసీసీ 13 చలవ. సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక హెడర్లు అంతకుముందు ఒకదాన్నొకటి పిలుచుకుంటూ ‘సీఎస్‌టీడీఇంట్’ను కూడా పరోక్షంగా తెచ్చిపెట్టేవి. 13లో ఆ అనవసరపు పిలుపులను తగ్గించారు. మీ ఫైల్ పైభాగంలో ఆ హెడర్‌ను చేర్చే ఒక్క వరుస రాస్తే చాలు, ఏ ఆప్షనూ అక్కరలేదు.

ఇక పాత జీసీసీని సిస్టమ్ డిఫాల్ట్‌గా పెట్టే ఆలోచనను దయచేసి మానుకోండి. బోరులో నీళ్ళు తగ్గితే ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌ను మార్చినట్లు ఉంటుంది అది. కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడల్లా గ్రాఫిక్స్ డ్రైవర్ వంటి బయటి మాడ్యూళ్ళు ఆ డిఫాల్ట్ కంపైలర్‌తోనే మళ్ళీ బిల్డ్ అవుతాయి. కెర్నల్ ఒక వెర్షన్‌తోను, మాడ్యూల్ చాలా పాత వెర్షన్‌తోను తయారైతే అవి విఫలం కావచ్చు. దానికి బదులు ఉబుంటు 24.04 భాండారంలోనే ఉన్న ‘జీసీసీ-9’, ‘జీ++-9’, ‘జీఫోర్ట్రాన్-9’ ప్యాకేజీలను పక్కపక్కన ఇన్‌స్టాల్ చేసుకోండి. డిఫాల్ట్ 13గానే ఉంటుంది, మీరు పేరు పెట్టి పిలిచినప్పుడే 9 పనిచేస్తుంది. 9 అనేది పై మూడు మార్పులకూ ముందుది కాబట్టి మీ సోర్స్ ఉన్నదున్నట్లు బిల్డ్ అయ్యే అవకాశం ఎక్కువ.

అయితే ఇక్కడ చాలామంది బోల్తా పడే విషయం ఒకటుంది. షెల్‌లో ‘ఎఫ్‌సీ=జీఫోర్ట్రాన్-9’ అని ఎక్స్‌పోర్ట్ చేసి ‘మేక్’ అంటే, మేక్‌ఫైల్ లోపల ‘ఎఫ్‌సీ = జీఫోర్ట్రాన్’ అని రాసి ఉన్నట్లయితే మేక్‌ఫైల్ మాటే చెల్లుతుంది, మీరు ఎక్స్‌పోర్ట్ చేసినది చెల్లదు. ‘మేక్ ఎఫ్‌సీ=జీఫోర్ట్రాన్-9 సీసీ=జీసీసీ-9 సీఎక్స్ఎక్స్=జీ++-9’ అని ఆ ఆదేశంలోనే ఇస్తే మేక్‌ఫైల్‌లో ఉన్నదాన్ని అది తోసిరాజంటుంది. సీమేక్ అనే బిల్డ్ సాధనం వాడే ప్రాజెక్టుల్లోనైతే మొదటిసారి గుర్తించిన కంపైలర్ క్యాష్ ఫైల్‌లో నమోదై ఉంటుంది కాబట్టి, బిల్డ్ ఫోల్డర్‌ను పూర్తిగా తొలగించి మొదటినుంచి మొదలుపెట్టాలి. మీ సోర్స్ ఫోల్డర్‌లో పాత యంత్రం నుంచి వచ్చిన ‘డాట్ ఓ’, ‘డాట్ మాడ్’ ఫైళ్ళు (కంపైలర్ మధ్యలో తయారుచేసుకునేవి) మిగిలి ఉంటే అవి కూడా తీసేయండి. 4.8 రాసిన ‘డాట్ మాడ్’ ఫైల్‌ను 9 గానీ 13 గానీ చదవలేవు.

జీసీసీ 4.8 బిల్డ్ ఎందుకు ఆగిందంటే, లైనక్స్ ప్రామాణిక సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీలో 2.26 నుంచి ‘స్ట్రక్ట్ యూకాంటెక్స్ట్’ అనే పేరు లేదు, ‘యూకాంటెక్స్ట్_టీ’ మాత్రమే ఉంది. ప్యాచ్‌లు దొరుకుతాయి గానీ, ఆ ఒక్కటి దాటితే శానిటైజర్ లైబ్రరీ దగ్గర మరొకటి ఎదురవుతుంది. ఆ దారిలో వెళ్ళమని నేను చెప్పను.

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్) సమాధానం:

పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేర్చుతున్నాను. ‘లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.3’ దొరకనప్పుడు, యంత్రంలో ఉన్న ‘ఎస్ఓ.5’కు ‘ఎస్ఓ.3’ అనే పేరుతో సింబాలిక్ లింక్ పెట్టమని సలహా ఇచ్చేవారు అక్కడక్కడా కనిపిస్తారు. అలా చేయకండి. జీసీసీ 6 వరకు 3, జీసీసీ 7కు 4, జీసీసీ 8 నుంచి 5 అని ఆ సంఖ్యను మార్చింది లోపలి నిర్మాణాలు మారినందువల్లనే. లింక్ పెడితే ప్రోగ్రామ్ మొదలు కావచ్చు, ఆ తరువాత ఫైల్ చదివేటప్పుడో రాసేటప్పుడో కూలిపోవచ్చు, లేదా అంతకన్నా ప్రమాదకరంగా, కూలిపోకుండా తప్పుడు అంకెలు ఇవ్వవచ్చు.

మీకు పాత ఫలితాలతో పోల్చిచూడటం ముఖ్యం కాబట్టి, నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముందు చేయవలసినది సెంటాస్ 7 ఇమేజ్‌తో ఒక కంటైనర్‌ను (మీ యంత్రంలోనే విడిగా నడిచే పాత సిస్టమ్ ప్రతిని) సిద్ధం చేసుకుని, అందులో అదే 4.8.5తో పాత ప్రోగ్రామ్‌ను మళ్ళీ బిల్డ్ చేయడం. సెంటాస్ 7కు 2024 జూన్ 30తో మద్దతు ముగిసింది కాబట్టి దాని ప్యాకేజీలను తెచ్చే యమ్‌కు మామూలు చిరునామాలలో ఏమీ దొరకదు; రిపో ఫైళ్ళలో చిరునామాను పాత ప్యాకేజీలు ఉండే వాల్ట్‌కు మార్చుకోవాలి. విభాగంలో మీకు రూట్ అనుమతి లేకపోతే కంటైనర్లను నడిపే డాకర్‌కు బదులు అదే పని చేసే ఆప్‌టైనర్ వాడవచ్చు. వ్యక్తిగతంగా నేనైతే సోర్స్‌ను ముట్టుకోకుండా ఆ కంటైనర్‌లోనే పరిశోధన పూర్తి చేసుకుంటాను.

డిండి_వాగు (దేవరకొండ) సమాధానం:

కంటైనర్‌లోనే పరిశోధన పూర్తి చేయమన్న మాటతో నేను ఏకీభవించలేను. పోల్చిచూడటానికి కంటైనర్ తప్పకుండా కావాలి, కాదనను. కానీ మీ మొదటి ఎర్రర్ ఒక నిజమైన లోపాన్ని చూపిస్తున్నదేమో తెలుసుకోకుండా దాన్ని దాచిపెట్టడం, అది ఆప్షన్‌తోనైనా, జీఫోర్ట్రాన్-9తోనైనా, కంటైనర్‌తోనైనా, ఫ్లోరైడ్ గాఢతను లెక్కించే ప్రోగ్రామ్‌కు తగిన పని కాదు. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు మన ప్రమాణాల అనుమతి పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మీ మోడల్‌లో ఆ గీతకు ఇటూ అటూ ఊగే గడులు (మ్యాపును విభజించిన చదరాలు) ఉంటాయి కదా.

ఫోర్ట్రాన్ 77 కాలపు ప్రోగ్రామ్‌లలో ఈ ‘మిస్‌మ్యాచ్’ అనేక రకాలుగా వస్తుంది, అన్నీ ఒకే స్థాయి ప్రమాదం కావు. చాలాచోట్ల మెమరీ తక్కువగా ఉన్న రోజుల అలవాటు కొద్దీ ఒకే పెద్ద శ్రేణిని ప్రకటించి, దానిలోని కొంత భాగాన్ని రియల్ శ్రేణిగా, మరికొంత భాగాన్ని ఇంటీజర్ శ్రేణిగా సబ్‌రొటీన్లకు పంచిపెట్టేవారు. ప్రామాణికానికి అది విరుద్ధమే అయినా, రియల్, ఇంటీజర్ రెండూ నాలుగేసి బైట్లు ఉన్నంతకాలం పని జరిగిపోతుంది. అయితే మీ మేక్‌ఫైల్‌లో ‘-ఎఫ్‌డిఫాల్ట్-రియల్-8’ ఉందేమో వెంటనే చూడండి. ఆ ఆప్షన్ రియల్‌ను ఎనిమిది బైట్లు చేసి ఇంటీజర్‌ను నాలుగు బైట్ల దగ్గరే వదిలేస్తుంది. ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో రెండూ సమానమనే ధీమాతో లెక్కగట్టిన ప్రోగ్రామ్‌లో అప్పుడు ఒకదాని మీద ఒకటి రాసుకుపోయే ప్రమాదం ఉంది.

అసలు భయపడవలసినది మరొక రకానికి. సబ్‌రొటీన్ లోపల ‘డబుల్ ప్రెసిషన్’ అని ప్రకటించిన చోటికి, పిలిచేవారు ‘0.0’ అనో ‘1.0’ అనో మామూలు స్థిరాంకాన్ని పంపిస్తారు. పంపినది నాలుగు బైట్లు, చదివేది ఎనిమిది. మిగిలిన నాలుగు బైట్లలో పక్కన ఏముంటే అదే ఆ సంఖ్యలో కలుస్తుంది. పాత కంపైలర్ పక్కన సున్నాలు పెట్టి ఉంటే మీ ‘0.0’ నిజంగానే సున్నాగా కనబడుతుంది. కొత్త కంపైలర్ అక్కడ వేరే స్థిరాంకాన్ని పెడితే అదే ‘0.0’ మరేదో విలువ అవుతుంది. సోర్స్‌లో ఒక్క అక్షరం మారకపోయినా ఫలితం మారడానికి ఇంతకన్నా సాధారణమైన కారణాన్ని నేను చూడలేదు.

కొత్త కంపైలర్ ఈ తనిఖీని ఒక్కో ఫైల్‌లో విడివిడిగానే చేస్తుందని కూడా గమనించండి. పిలిచే ఫైల్ ఒకటి, సబ్‌రొటీన్ ఉన్న ఫైల్ ఇంకొకటి అయితే అది నోరెత్తదు. అందుకే నేను ఒక చిన్న ఉపాయం వాడుతుంటాను: ఫోర్ట్రాన్ ఫైళ్ళన్నిటినీ ‘క్యాట్’తో ఒకే ఫైల్‌గా కలిపి, దాన్ని జీఫోర్ట్రాన్-13తో, ఏ సడలింపు ఆప్షనూ ఇవ్వకుండా, సింటాక్స్ మాత్రమే చూడమని కంపైల్ చేయిస్తాను. అప్పుడు బయటపడే జాబితాయే మీ అసలు జాబితా. దాన్ని ఓపికగా ఒక్కొక్కటిగా చదవండి. స్థిరాంకాలు పంపిన చోట్లను ‘0.0డీ0’ అని సరిచేయండి, శ్రేణులను పంచుకున్న చోట్లను వదిలి సడలింపు ఆప్షన్‌తో నడపండి.

మరొక విషయం. పాత ప్రోగ్రామ్‌లలో చాలామంది సబ్‌రొటీన్ లోపలి వేరియబుళ్ళు ఒక పిలుపు నుంచి మరో పిలుపు వరకు విలువను నిలుపుకుంటాయనే నమ్మకంతో రాశారు, ‘సేవ్’ అని ప్రకటించకుండానే. జీఫోర్ట్రాన్ ఒక పరిమితి కన్నా పెద్దవైన లోకల్ శ్రేణులను స్టాక్‌లో కాకుండా స్థిర మెమరీలో ఉంచుతుంది, కాబట్టి వాటి విషయంలో ఆ నమ్మకం యాదృచ్ఛికంగా నిజమవుతుంది. ఆ పరిమితి పాత వెర్షన్లలో 32,768 బైట్లు, కొత్తవాటిలో 65,536 బైట్లు. అంటే 40 వేల బైట్ల శ్రేణి ఒకటి మీ 4.8లో విలువలను నిలుపుకుని, 13లో నిలుపుకోకపోవచ్చు. ‘-ఎఫ్‌నో-ఆటోమేటిక్’ ఇచ్చి ఒకసారి, ఇవ్వకుండా ఒకసారి నడిపి చూడండి. రెండు ఫలితాలకూ తేడా వస్తే మీ ప్రోగ్రామ్‌లో ఎక్కడో ‘సేవ్’ లోపించిందన్నమాట.

మూసీ_ఒడ్డు (నల్లగొండ):

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన క్రమంలో కాకుండా, ముందు కంటైనర్‌లో 4.8.5తో బిల్డ్ చేసి, పాత ఫలితాల ఫైళ్ళతో అక్షరం కూడా తేడా లేకుండా సరిపోయిందని నిర్ధారించుకున్నాను. ఆ తరువాత సీ ప్లస్ ప్లస్ ఫైల్‌లో హెడర్‌ను చేర్చాను, సీ హెడర్‌లో ‘ఎక్స్‌టర్న్’ పెట్టాను. ఆ రెండు భాగాలూ జీసీసీ 13తో ఏ అదనపు ఆప్షనూ లేకుండా బిల్డ్ అయ్యాయి.

ఫోర్ట్రాన్ భాగాన్ని సడలింపు ఆప్షన్‌తో 13లో బిల్డ్ చేసి నడిపితే, నీటిమట్టాలు పాతవాటితో దాదాపు సరిపోయాయి గానీ ఫ్లోరైడ్ గాఢతలు మాత్రం కొన్ని గడులలో మొదటి అంకె దగ్గరే తేడా చూపించాయి. డిండి_వాగు గారు చెప్పినట్లు ఫైళ్ళన్నిటినీ కలిపి తనిఖీ చేస్తే, విడివిడిగా కంపైల్ చేసినప్పుడు కనిపించని ఎర్రర్లు మరికొన్ని వచ్చాయి. వాటిలో ఒకటి సరిగ్గా మీరు వర్ణించినదే: పదార్థ విస్తరణను లెక్కించే సబ్‌రొటీన్‌కు ఒకచోట ‘0.0’ను పంపించారు, లోపల అది డబుల్ ప్రెసిషన్. దాన్ని సరిచేశాక గాఢతలు కూడా పాతవాటి దగ్గరికి వచ్చాయి. మేక్‌ఫైల్‌లో ‘-ఎఫ్‌డిఫాల్ట్-రియల్-8’ లేదు. ‘-ఎఫ్‌నో-ఆటోమేటిక్’ ఇచ్చినా, ఇవ్వకపోయినా ఫలితం ఒక్కటే.

ఒక్క సందేహం మిగిలింది. ఇప్పటికీ చివరి అంకెలలో, అంటే దశాంశ బిందువు తరువాత చాలా దూరంలో, కొన్ని గడులలో తేడా ఉంది. ఇది కూడా ఏదైనా దాగి ఉన్న లోపమా, లేక దీన్ని వదిలేయవచ్చా?

డిండి_వాగు (దేవరకొండ):

ఆ స్థాయి తేడా మీ ప్రోగ్రామ్‌ది కాకపోవచ్చు. సెంటాస్ 7లో జీలిబ్‌సీ 2.17 ఉంటే ఉబుంటు 24.04లో 2.39 ఉంది. మధ్యలో, 2.28లో, ఎక్స్‌పొనెన్షియల్, లాగరిథం, పవర్ ఫంక్షన్లను కొత్తగా రాశారు. వాటి ఫలితం చివరి బిట్‌లో మారవచ్చు, అది వేలాది కాలపు మెట్లలో కొద్దికొద్దిగా పేరుకుంటుంది. మీ మేక్‌ఫైల్‌లో ‘-మార్చ్=నేటివ్’ (ఆ యంత్రపు ప్రాసెసర్‌కే తగ్గట్టు కంపైల్ చేయమనే ఆప్షన్) ఉంటే అది మరో కారణం. కొత్త ప్రాసెసర్లలో గుణకారం, సంకలనం కలిపి ఒకే రౌండింగ్‌తో జరుగుతాయి కాబట్టి అంకెలు కదులుతాయి. ఆ ఆప్షన్‌ను తీసేసి ఆప్టిమైజేషన్ లేని ‘-ఓ0’తో ఒకసారి, ఆప్టిమైజేషన్ ఉన్న ‘-ఓ2’తో ఒకసారి బిల్డ్ చేసి నడిపి, ఆ రెంటి మధ్య ఎంత తేడా వస్తుందో చూడండి. పాత, కొత్త యంత్రాల మధ్య తేడా కూడా అదే పరిమాణంలో ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. పోల్చేటప్పుడు ‘డిఫ్’ కాకుండా, సాపేక్ష తేడాను కొలిచే చిన్న స్క్రిప్టు రాసుకోండి. లేకపోతే ప్రతి వరుసా తేడాగానే కనిపిస్తుంది. 1.5కు అతి దగ్గరగా ఉన్న గడుల జాబితాను మాత్రం విడిగా తీసి, అవి రెండు బిల్డులలోనూ గీతకు ఒకే వైపున ఉన్నాయో లేదో చూసి మీ మార్గదర్శకులకు చూపించడం మంచిది.

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్):

పంపిన ‘0.0’ మాట చదివాక, కంటైనర్‌లోనే పూర్తి చేయమన్న నా సలహాను సగానికి తగ్గించుకుంటున్నాను. 4.8.5లో ఆ లోపం పైకి కనిపించేదే కాదు. అయినా కంటైనర్‌ను తీసేయకండి. దాని ఇమేజ్‌ను ఒకే ఫైల్‌గా భద్రపరచి సోర్స్‌తో పాటు విభాగంలో ఉంచండి.

పాలమూరు_లైనక్స్ (మహబూబ్‌నగర్):

మీ తరువాత ఈ ప్రోగ్రామ్‌ను వాడేవారి కోసం మేక్‌ఫైల్‌లో ఇప్పుడే రెండు వరుసలు సరిచేసి పెట్టండి. జీసీసీ 14 నుంచి సీ భాషలో ముందుగా ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడం హెచ్చరిక కాదు, ఎర్రర్. మ్యాపు ఫైళ్ళను చదివే ఆ సీ భాగం పాతదని అన్నారు కాబట్టి, 13లోనే ‘-డబ్ల్యూఆల్’ ఇచ్చి ‘ఇంప్లిసిట్ డిక్లరేషన్’ అనే హెచ్చరికలు వస్తున్నాయేమో చూసి, కావలసిన హెడర్లను చేర్చండి. జీసీసీ 15లోనైతే సీ భాషకు డిఫాల్ట్ ప్రమాణం సీ23 అయింది. అందులో ‘బూల్’ అనేది కీవర్డ్, ఖాళీ కుండలీకరణాలతో ప్రకటించిన ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్లే లేవని అర్థం. పాత సీ ప్రోగ్రామ్‌లు చాలావరకు ఆ రెండింటి దగ్గరే ఆగిపోతున్నాయి. సీ ఆప్షన్ల వరుసలో ‘-ఎస్‌టీడీ=జీఎన్‌యూ17’ అని, ఫోర్ట్రాన్ ఆప్షన్ల వరుసలో ‘-ఎఫ్‌అలౌ-ఆర్గ్యుమెంట్-మిస్‌మ్యాచ్’ అని రాసి, రెండో ఆప్షన్ ఏ శ్రేణుల కోసం అవసరమైందో దాని పైనే ఒక వ్యాఖ్యగా రాసి ఉంచండి.